ఒక్కపొద్దు: విడిచిన పూట ఎవరిది?

ఉపవాసము ఏ మతమువారికిని క్రొత్తది కాదు. ఈ సంచికను చదువు కుటుంబములలో ఏకాదశినాడు అన్నము ముట్టనివారు కలరు. కార్తిక సోమవారమున నక్షత్రదర్శనమైన పిదప భుజించువారు కలరు. రంజాను నెలలో ప్రొద్దు గ్రుంకువరకు గ్రుక్కెడు నీరైనను త్రాగనివారును కలరు. మా కతోలిక కుటుంబములలో ఈస్టరు పండుగకు ముందు నలువది దినముల తపస్సు కాలము కలదు. కోలారు బంగారు గనుల ప్రాంతమున మూడు తరములుగా కాపురమున్న మాబోటి తెలుగు కతోలికులు ఆ కాలమును ఎట్లు గడపుచు వచ్చిరో, అందు మేము గ్రహించిన యర్థమేమో, సంఘమువారి కోరికపై నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఉద్యోగకాలమంతయు పద్దులు వ్రాసినవారము. కావున ఇందు వేదాంతము తక్కువయు, లెక్క ఎక్కువయు కనబడినచో పాఠకులు మన్నింతురు గాక.

మొదట మాటను గురించి చెప్పవలెను. మా పెద్దల నోట ఉపవాసమను మాటకంటె ఒక్కపొద్దు అను మాటయే వాడుక. మాంసము విడిచి భుజించుటను శుద్ధభోజనము అనెడివారు. మా ఇరుగుపొరుగు తమిళ కతోలికులు మొదటిదానిని ఒరుసంది యనియు, రెండవదానిని సుద్దబోజనం అనియు పిలుతురు. భాషలు వేరైనను కొలత ఒక్కటియే. ఒక్కపొద్దు అనగా దినమునకు ఒక్కమారు మాత్రమే కడుపునిండ భుజించుట. తిరుసభ నియమమును అదియే: ఒక పూర్తి భోజనము, తక్కిన రెండు వేళల స్వల్పాహారము. ఈ మాటను మన హైందవ సోదరులును, ముస్లిము సోదరులును గూడ వాడుదురు. అది ఏ యొక్క మతపు సొత్తును కాదు, తెలుగువారందరి సొత్తు. నేటి పిల్లలు దీనిని ఫాస్టింగు అనుచున్నారు. ఆ మాటలో తినకుండుట ఒక్కటియే వినబడును. ఒక్కపొద్దు అన్నప్పుడు మాత్రము ఒక పూట తింటిమనియు, మరియొక పూట విడిచితిమనియు రెండును వినబడును. వినబడినతోడనే ఒక ప్రశ్న పుట్టును: విడిచిన ఆ పూట ఏమైనది? అది ఎవరి కంచములోనికి పోయినది? ఈ వ్యాసమంతయు ఆ ప్రశ్నకు మేము వెదకిన సమాధానమే.

నియమములు తెలియని పాఠకుల కొరకు కొంత చెప్పుదుము. తపస్సు కాలము విభూది బుధవారముతో మొదలగును. గత సంవత్సరము మట్టల ఆదివారమునాడు మంత్రించిన మట్టలను కాల్చి, ఆ బూడిదను గురువు నుదుట పూయును. అది మొదలు ఈస్టరు వరకు, ఆదివారములు తీసివేయగా, నలువది దినములు. 1917వ సంవత్సరపు తిరుసభ ధర్మశాస్త్రము ప్రకారము ఆ దినములన్నియు ఒక్కపొద్దు దినములే. 1966లో ఆరవ పౌలు పోపుగారు ఆ నియమమును సడలించి, విభూది బుధవారమును, పవిత్ర శుక్రవారమును మాత్రము తప్పనిసరి చేసిరి. నేడు వాడుకలోనున్న 1983 నాటి ధర్మశాస్త్రము ప్రకారము పదునెనిమిది యేండ్లు నిండినది మొదలు అరువదవ యేడు ప్రారంభమగువరకు ఒక్కపొద్దు విధి. మాంసవర్జనము పదునాలుగేండ్లు నిండినవారందరికిని విధి. దానికి పై వయస్సు లేదు.

మా తాతగారు చిత్తూరు జిల్లానుండి గనిపనికై వచ్చిరి. ఆ సీమకు ఈ విషయమున ఒక చరిత్ర కలదు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు, కర్ణాటక మిషను అను పేర, పుంగనూరు మొదలగు తావులలో తెలుగువారి నడుమ పనిచేసిరి. వారు కాషాయవస్త్రములు ధరించి, మాంసము విడిచి, మన సన్న్యాసులవలె జీవించిరి. ఉపవాసములేని సాధువును మన తెలుగువారు సాధువుగా నెంచరని వారు గ్రహించియుందురు. కాని మన పల్లెలో సాధువు నొద్దకు పోయినవాడు ఆయన ఉపవాసమును మాత్రమే చూచి తృప్తిపడడు. ఆయన నలుగురికి ఏమి పెట్టెనో యనియు చూచును.

తిరుసభ పూర్వులును అట్లే చూచిరి. యెషయా ప్రవక్త గ్రంథమున ఏబది యెనిమిదవ అధ్యాయమంతయు ఈ విషయమే: ఆకలిగొన్నవానితో అన్నము పంచుకొనని ఉపవాసము దేవునికి పనికిరాదని ప్రవక్త కోపించెను. మత్తయి సువిశేషము ఆరవ అధ్యాయమున క్రీస్తునాథుడు దానము, ప్రార్థన, ఉపవాసము అను మూడింటిని వరుసగా బోధించి, మూడును చాటున జరుగవలెనని విధించెను. అయిదవ శతాబ్దమున రోమున పీఠమధిష్ఠించిన మహా లియో పోపుగారు తపస్సు కాల ప్రసంగములలో ఉపవాసమును దానమునుండి విడదీయలేదు.

అయితే పద్దులు వ్రాసినవారమగుటచే మా మనస్సున కెక్కినది మరియొక గ్రంథము. రెండవ శతాబ్దమున రోము నగరమున పుట్టిన ‘హెర్మాసు కాపరి’ అను గ్రంథమున ఒక విధి కలదు. ఉపవాసమున్న దినమున రొట్టెయు నీరును మాత్రము పుచ్చుకొని, ఆ దినమున తినవలసియున్న భోజనమునకు వెల కట్టి, ఆ వెలను విధవరాలికో, అనాథకో, లేమి పడువానికో ఇయ్యవలెను. ఇది వినుటకు చిన్న మాట. కాని విడిచిన పూటకు చిరునామా వ్రాసిన మాట అది. వెల కట్టని ఉపవాసములో, విడిచిన పూట మన యింటనే మిగిలిపోవును. అది పొదుపు; పొదుపు మంచిదే గాని, దానికి తపస్సను పేరు చెల్లదు. అదే శతాబ్దమున ఏథెన్సువాడగు అరిస్టైడ్సు అను తత్త్వవేత్త రోము చక్రవర్తికి క్రైస్తవులను గూర్చి వ్రాసిన విన్నపమున మరియొక సంగతి కలదు. తమలో ఒకడు బీదయై, తమయొద్దను మిగులు లేనప్పుడు, వారు రెండు మూడు దినములు ఉపవాసముండియైనను వానికి అన్నము సమకూర్తురట. కలిగినవారు ఇచ్చుట లోకములో ఉన్నదే. లేనివారు ఎట్లు ఇత్తురను ప్రశ్నకు ఉపవాసమే ఉపాయముగా నుండెనన్నమాట.

ఈ గ్రంథముల పేర్లు మా తలిదండ్రులు వినలేదు. కాని వారు చేసినది ఇదియే.

మా నాయనగారు చాంపియన్ రీఫ్ గనిలో భూమిక్రింద పనిచేసిరి. ఆ గని పదివేల అడుగులకు మించిన లోతునకు దిగినది. క్రింద రాయియే వేడి. అట్టి బరువుపని చేయువారికిని, రోగులకును, గర్భవతులకును, పాలిచ్చు తల్లులకును, కడుపునిండ తిండిలేని బీదలకును ఒక్కపొద్దు నియమము వర్తింపదని తిరుసభ ఆచారము. కనుక గురువుగారు నాయనగారి వంటివారిని తిని పనికి పొమ్మని చెప్పెడివారు. నాయనగారు తినెడివారు. కాని విభూది బుధవారము మొదలు చుట్ట ముట్టెడివారు కారు. పని దిగి వచ్చినతోడనే ఆనాటి చుట్టలకగు చిల్లరను ఒక రేకుడబ్బాలో వేసెడివారు. పిల్లలమైన మేము ఆ డబ్బాను ఊపి, చప్పుడును బట్టి తపస్సు కాలము ఎంత గడచెనో చెప్పుకొనుచుంటిమి. పవిత్ర గురువారమునాడు ఆయన ఆ చిల్లరను గుడ్డలో మూటకట్టి, మా లైను చివర ఇంటనున్న ఒక విధవరాలి చేత పెట్టెడివారు. ఆమె భర్త గనిలో రాయి విరిగిపడి మరణించినవాడు. ఆమె మొగమాటపడినప్పుడు నాయనగారన్న మాట మాకు నేటికిని జ్ఞాపకము: “తీసుకో తల్లీ. ఇది నేనిచ్చేది కాదు, చుట్ట ఇచ్చేది.”

మా అమ్మగారి పద్ధతి వేరు. ఆమె అన్నమునకు బియ్యము కొలిచి చేటలో పోసిన పిదప, అందులోనుండి ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసెడిది. కొలువక ముందు గోనెనుండి తీసి వేయవచ్చును గదా యని మేము చిన్నతనమున అడిగితిమి. “గోనెలోంచి తీస్తే అది ఇవ్వడమే అవుతుంది నాయనా. కొలిచిందాంట్లోంచి తీస్తేనే మనకు తగ్గుతుంది” అని ఆమె చెప్పెను. ఒక్క మాటలో ఆమె హెర్మాసు గ్రంథమంతయు చెప్పినదని ఇప్పుడు తోచుచున్నది. అన్నము ఒక పిడికెడు తగ్గిన దినమున ఎవరి పాలు తగ్గుననునది ఏ యింటివారైనను ఎరిగినదే. చివర తినువారిదే తగ్గును. నాయనగారి చుట్ట మానుట ఇరుగుపొరుగు లెల్ల చూచిరి. అమ్మగారి ఒక్కపొద్దును కుండ యొక్కటియే చూచెను.

ఈ కుండవంటి ఏర్పాటు పెద్ద ఎత్తున లోకమున పలుచోట్ల వెలసినది. జర్మనీ దేశపు పీఠాధిపతులు 1958లో మిసెరెయోర్ అను సంస్థను స్థాపించి, తపస్సు కాలమున ప్రజలు మానుకొన్నదాని సొమ్మును బీదదేశములకు పంపసాగిరి. మన దేశమున 1962లో కారితాస్ ఇండియా ఏర్పడినది. అదియు తపస్సు కాలమున ఆకలికిని వ్యాధికిని ఎదురుగా చందాలు సేకరించును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 1975లో కతోలికులు అట్టపెట్టెలను ఇంటింటికి పంచి, భోజనము తగ్గించుకొనగా మిగిలిన పైకమును అందులో వేయుమనిరి. దానికి వారు పెట్టిన పేరు బియ్యపుగిన్నె! అన్నము ముఖ్యాహారము కాని దేశమువారు బియ్యమును జ్ఞాపకము చేసికొనుట, ఆకలి ఎక్కడ ఉన్నదో తలచుకొనుటకే గదా.

ఇంతవరకు ఉన్నవారి ఒక్కపొద్దును గూర్చి చెప్పితిమి. లేనివారి ఒక్కపొద్దు మాట ఏమి? ఆ ప్రశ్న మా ఊరికి ఒక దినమున ముఖాముఖిగా వచ్చి నిలిచినది.

1880 ప్రాంతమున జాన్ టేలరు కంపెనీవారి చేతిలో మొదలై సుమారు నూట ఇరువది సంవత్సరములు నడచిన కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడెను. ఆ దినము బుధవారము. ఆ సంవత్సరపు విభూది బుధవారమును అదియే. ఈ రెండింటిని ఎవరును కూర్చి పెట్టలేదు; పంచాంగము కూర్చినది. మంటినుండి వచ్చినవాడు మంటికే పోవునని జ్ఞాపకము చేయుచు గురువు నుదుట బూడిద పూయుచుండగా, బ్రదుకంతయు మంటిక్రింద గడపినవారు వరుసగా నిలుచుండిరి. వేలకొలది కుటుంబములకు జీతపు ఆధారము తెగిపోయిన దినమది.

పూజ ముగిసిన పిదప గుడి వెలుపల ఒక వృద్ధ కార్మికుడు గురువుగారితో నవ్వుచు, “సామీ, ఇంకమీద మాకు రోజూ ఒక్కపొద్దే. దీన్ని కూడా నలభై దినాల లెక్కలో వేసుకుంటారా?” అని అడిగెను. చుట్టునున్నవా రెవరును నవ్వలేదు. గురువుగారు కొంతసేపు మాటాడక నిలిచి, “నీకు ఒక్కపొద్దు లేదు తాతా. నీకు రెండో పూట పెట్టడమే ఇప్పుడు మా అందరి ఒక్కపొద్దు” అనిరి. మేము విన్న ప్రసంగములలో ఇంతకు మించినది లేదు.

ఆ గురువుగారు ఆవేశమున అన్న మాట కాదది. 1966 నాటి పోపుగారి శాసనములోనే ఆ భావము కలదు. సంపద గల దేశములవారు తమ భోగములను తగ్గించుకొని, ఎల్లలు దాటి, ఆకలిగొన్నవారికి తోడ్పడుట వారి తపస్సు. లేమిలోనున్నవారు తమ కష్టమును ప్రార్థనగా సమర్పించుచు, సమాజమున న్యాయము కొరకు పాటుపడుట వారి తపస్సు. ఆకలి తనంతట పుణ్యము కాదు. కోరి వహించిన ఆకలి వేరు, విధి విధించిన ఆకలి వేరు. మొదటిది రెండవదానిని తగ్గించుటకే పుట్టినది. తగ్గింపనిచో మొదటిదానికి అర్థము లేదు.

అప్పుడు మేము వేరొక కార్యాలయమున పనిలో నుంటిమి. నెల జీతము తప్పక వచ్చెడి కొద్ది ఇండ్లలో మాది యొకటి. మా యెదుటి ఇంటివారు తెలుగువారే గాని మా మతమువారు కారు. గనిలో పనిపోయిన ఇంటి యజమాని మిక్కిలి అభిమానవంతుడు. ఎవరో కొందరు బియ్యపుమూట తెచ్చి, పేర్లు వ్రాసికొని, ఛాయాచిత్రము తీయబోగా, ఆయన మూటను వాకిటనుండియే త్రిప్పి పంపెను. ముగ్గురు పిల్లలుగల ఇల్లది. ఇచ్చుట మాకు సులభమే. వారికి పుచ్చుకొనుటయే కష్టము.

మా యింటివారు దీనికొక త్రోవ కనిపెట్టిరి. ఆమె గిన్నె పట్టుకొని తానే ఎదుటి ఇంటికి పోయి, “వదినా, చింతపండు అయిపోయింది, ఉంటే కాస్త చేబదులివ్వండి” అని అడిగెను. ఇచ్చిరి. మరునాడు ఆ గిన్నెను బియ్యముతో నింపి, “నిన్నటి చింతపండుకు బదులు వదినా” అని ఇచ్చి వచ్చెను. తరువాత కరివేపాకు, ఆ తరువాత ఉప్పు. ప్రతిమారు గిన్నె ఖాళీగా పోయి, ఏదో యొకటి తెచ్చి, మరునాడు బియ్యముతో మరలి పోయెడిది. ఆ ఇంటివారు అప్పిచ్చినవారై తలయెత్తుకొని యుండిరి. మా యింటివారు అప్పు తీర్చినవారైరి. శుక్రవారములందు పిల్లలకు పెట్టి, మేమిరువురము రాత్రి భోజనము మానితిమి. ఆ గిన్నెలోని బియ్యము అదియే.

మాకు ఇంటి ఖర్చు పుస్తకము వ్రాయు అలవాటు కలదు. నెలాఖరున బియ్యపు లెక్క కుదరక ఆమెను అడుగగా, “ఆ పద్దు మీ పుస్తకంలో రాసేది కాదండీ” అనెను. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయి ఎరుగరాదను సువిశేష బోధకు గుమాస్తా భాషలో ఇంతకంటె మంచి వ్యాఖ్య యుండదు. పుస్తకము మూసి ఊరకుంటిమి.

ఆ యెదుటి ఇంటి యజమాని కొన్ని నెలలకు బెంగుళూరులో పని సంపాదించి, మారికుప్పమునుండి వేకువ రైలులో పోయి రాత్రికి వచ్చుచుండెను. మా ఊరిలో పలువురి బ్రదుకు నేటికిని ఆ రైలు మీదనే నడచుచున్నది. మరుసటి సంవత్సరము ఒకనాటి సాయంకాలము ఆ యింటి ఇల్లాలు మూతపెట్టిన గిన్నెతో మా లైను చివరకు పోవుట చూచితిమి. అచ్చట మంచము పట్టిన ఒక వృద్ధురాలు ఉండెను. ఏమమ్మా అని మా యింటివారు పలుకరింపగా, “అవ్వ దగ్గర చింతపండు తీసుకున్నా వదినా, బదులు ఇచ్చొస్తా” అని ఆమె నవ్వెను. ఇరువురును అంతకుమించి ఏమియు అనుకొనలేదు. ఆమెకు అంతయు ముందే తెలియునని మాకు ఆనాడు తెలిసెను.

ఇప్పుడు మా వయస్సు అరువది దాటినది. ధర్మశాస్త్రము ప్రకారము మాకు ఒక్కపొద్దు విధి తీరిపోయెను. మధుమేహము వచ్చుటచే పూట తప్పరాదని వైద్యుడును ఆజ్ఞాపించెను. శుద్ధభోజనము మిగిలినది. దానమునకు మాత్రము ఇంత వయస్సు వరకే యని ఏ సూత్రమునందును వ్రాయబడలేదు. ఒక్కపొద్దు మమ్ములను విడిచి పోయినను, విడిచిన పూటకు అర్హులు మా చుట్టు అట్లే యున్నారు. కావున సాయంకాలపు రెండవ కాఫీని, అంగడి పలహారమును తపస్సు కాలమున మాని, వానికి వెల కట్టి వేరుగా పెట్టుచున్నాము. చుట్ట ఇచ్చినట్లు కాఫీయు ఇయ్యగలదు.

నేటి యువకులు ఉపవాసము ఎరుగరని మేము అనము. శరీరము తగ్గుటకై మా కాలమువారికంటె కఠినముగా గంటలు లెక్కించి ఉపవాసముండువారిని చూచుచున్నాము. దానము ఎరుగరనియు అనము. చేతిలోని ఫోనుతో క్షణములో ఎంతయో దూరమునకు సొమ్ము పంపుచున్నారు. రెండును మంచివే. అయితే ఒకటి రెండవదానిని ఎరుగకున్నది. కడుపు మాడినప్పుడు ఇంకొకని ఆకలి జ్ఞాపకము రావలెను. సొమ్ము పంపినప్పుడు మన కంచములో ఏదియో తగ్గవలెను. ఈ రెండును కలిసిన తావుననే ఒక్కపొద్దు కలదు.

సంఘ కుటుంబములకు మా విన్నపము స్వల్పమైనది. మీ వ్రతము ఏదైనను, దినము ఏదైనను, ఆనాడు విడిచిన పూటకు వెల కట్టుడు. బియ్యమైనచో కొలిచిన పిదప తీయుడు. ఇచ్చునప్పుడు పుచ్చుకొనువారి తల వంగకుండునట్లు ఇండు. పరాయి రాష్ట్రమున మన పిల్లలకు తెలుగు మాటలు ఒక్కొక్కటియే జారిపోవుచున్నవి. ఒక్కపొద్దు అను మాటనైనను వారి చేత పలికించి, అందులోని రెండవ పూట ఎవరిదో చెప్పుడు. ఆ మాట నిలిచినంతకాలము మన వీధిలో ఒకరి పొయ్యి ఆరిపోకుండుటకు కొంత ఆధారము నిలిచియే యుండును.